బ్రాయిలర్ కోళ్లకు మిల్లు తవుడు, నూనె చెక్కలు: ఏది ఎంతవరకు?

కోళ్ల షెడ్డు పెట్టుకుంటామని వడ్డీలేని అప్పు కోసం మన సొసైటీకి వచ్చేవారు తరచుగా అడిగే మాట ఒకటుంది. "భాయ్, మొక్కజొన్న, సోయా కొనలేకపోతున్నాం. మిల్లులో తవుడు సగం ధరకే ఇస్తున్నారు. గానుగ దగ్గర చెక్క దొరుకుతోంది. అవే పెడితే పోలా?"

అడగడంలో తప్పేమీ లేదు. మన ప్రాంతం అలాంటిది మరి. ఖమ్మం వైపు సాగర్ ఎడమ కాలువ కింద వైరా, మధిర, పాలేరు ప్రాంతమంతా వరి. వరి ఉన్నచోట మిల్లులు, మిల్లులున్నచోట తవుడు, నూకలు. అశ్వారావుపేట, దమ్మపేటల్లో పామాయిల్ తోటలు, వాటికి ఆయిల్‌ఫెడ్ కర్మాగారాలు. ఇటు పత్తి, అటు వేరుశనగ. గోదావరి దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్తే ఇప్ప, కానుగ, చింత. మనిషి తినేది, అమ్ముకునేది తీసుకున్నాక ప్రతిదాని వెనుకా ఏదో ఒకటి మిగులుతుంది. ఆ మిగిలినది కోడి తింటే అందరికీ లాభమే కదా అనిపిస్తుంది.

కొన్ని తింటుంది, కొంతవరకే తింటుంది, కొన్ని తింటే చస్తుంది. అప్పు తెచ్చి 500 పిల్లలు దింపుకున్న ఇంటికి ఈ మూడింటి మధ్య తేడా తెలియాలి. అందుకే ఈ ఏడాది సంచికలో కొంచెం వివరంగా రాస్తున్నాం.

మొదటే ఒక మాట. కంపెనీ ఒప్పందం మీద కోళ్లు పెంచేవారికి ఈ వ్యాసంతో పెద్దగా పని లేదు. అక్కడ పిల్ల, మేత, మందు కంపెనీవి. షెడ్డు, వరిపొట్టు, కరెంటు, కష్టం మనవి. బరువును బట్టి గ్రోయింగ్ చార్జీ ఇస్తారు. వాళ్ల మేతలో మనం తవుడు కలిపితే బరువు తగ్గుతుంది, చార్జీ కోస్తారు. సొంతంగా పిల్లలు కొని, సొంతంగా మేత కలుపుకుని, బస్తీ చికెన్ షాపులకు నేరుగా అమ్ముకునే చిన్న పెంపకందారుల కోసమే ఇది.

మేత ధరే అసలు ఖర్చు

బ్రాయిలర్ పెంపకంలో నూటికి 65 నుంచి 70 రూపాయలు మేతకే పోతాయి. ఆ మేతలో సగానికి పైగా మొక్కజొన్న, పావు వంతు దాకా సోయా చెక్క. ఈ రెండింటి ధర కదిలితే పెంపకందారు బతుకు కదులుతుంది. 2021లో సోయా చెక్క ధర ఒక్క ఏడాదిలో రెట్టింపు దాటింది. ఆ ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి మొదటిసారి అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. మొక్కజొన్నది మరో కథ. పెట్రోలులో కలిపే ఇథనాల్‌కు మొక్కజొన్న పెద్ద ఎత్తున పోవడం మొదలయ్యాక, ఎగుమతి చేసే మన దేశమే 2024లో దిగుమతి చేసుకునే స్థితికి వచ్చింది. కోడి తినే గింజను బండ్లు తాగుతున్నాయి. కాబట్టి బదులు మేత వెతకడం తెలివైన పనే. ఎలా వెతుకుతాం అన్నదే ప్రశ్న.

నాటుకోడిని, బ్రాయిలర్‌ను ఒకే కొలతతో చూడటం దగ్గరే చాలామంది దెబ్బతింటున్నారు. నాటుకోడికి తొందర లేదు. పెంటకుప్ప మీద పురుగు, రోట్లో రాలిన నూక, గడ్డి గింజ ఏరుకుని ఆరు నెలలకు ఎదుగుతుంది. బ్రాయిలర్ నలభై రోజుల్లో రెండు కిలోలు దాటాలి. దాని పొట్ట చిన్నది, కావలసింది ఎక్కువ. తినే ప్రతి గ్రాములో శక్తి, ప్రొటీన్ చిక్కగా ఉండాలి. భారతీయ ప్రమాణాల సంస్థ బ్రాయిలర్ మేతకు పెట్టిన లెక్క చూడండి: మొదటి రోజుల మేతలో ప్రొటీన్ 23 శాతం, తర్వాత 22, చివరి దశలో 20. శక్తి కిలోకు 3,000 కిలోకేలరీలతో మొదలై 3,100, చివరికి 3,200. పీచు 5 శాతం దాటకూడదు, తేమ 11 శాతం దాటకూడదు. మిల్లు నుంచి, గానుగ నుంచి వచ్చే దాదాపు ప్రతి సరుకూ ఈ లెక్కల్లో ఎక్కడో ఒకచోట తప్పుతుంది. పీచు ఎక్కువ, లేదా శక్తి తక్కువ, లేదా ఉన్న ప్రొటీన్‌లో లైసిన్ కరువు. లైసిన్ అంటే ప్రొటీన్‌ను కట్టే ఇటుకల్లో ఒక రకం. గోడకు పది రకాల ఇటుకలు కావాలనుకోండి. అందులో ఒక రకం తక్కువైతే మిగతా తొమ్మిది ఎన్ని ఉన్నా గోడ అక్కడితో ఆగుతుంది. సోయాలో లైసిన్ దండిగా ఉంటుంది. వేరుశనగ, పొద్దుతిరుగుడు, నువ్వుల చెక్కల్లో తక్కువ. అందుకే సోయాను పూర్తిగా తీసేయడం కుదరదు.

వరి నుంచి వచ్చేవి

మనకు అందరికంటే దగ్గరగా ఉన్నది వరి మిల్లు. అక్కడి నుంచి నాలుగు సరుకులు వస్తాయి: ఊక, నూకలు, తవుడు, నూనె తీసిన తవుడు. ఊక షెడ్డులో కింద పరచడానికే, మేతకు కాదు.

నూకలు మాత్రం మంచి మేత. ప్రొటీన్ 8 శాతం దాకా, శక్తి కిలోకు సుమారు 3,000 కిలోకేలరీలు. మొక్కజొన్నకు దాదాపు సమానం. అందులో ఉండే పసుపు రంగు పదార్థం దీనిలో లేదు కాబట్టి కోడి చర్మం కొంచెం తెల్లగా కనిపిస్తుంది. తోలు తీసి అమ్మే మన చికెన్ షాపుల్లో దాన్ని ఎవరూ పట్టించుకోరు. పిల్లలకు రెండు వారాలు దాటాక మొక్కజొన్నలో సగం దాకా నూకలు పెట్టుకోవచ్చు. మొక్కజొన్న కంటే కిలోకు పదో వంతు పైగా తక్కువ ధరకు దొరికినప్పుడు కొనడం లాభం.

తవుడు దగ్గర జాగ్రత్త కావాలి. పచ్చి బియ్యం ఆడించిన తవుడులో నూనె ఉంటుంది, దాన్ని విరగగొట్టే ఒక ఎంజైమూ ఉంటుంది. మిల్లు రాయి తాకిన క్షణం నుంచి ఆ రెండూ కలుస్తాయి. కొద్ది రోజుల్లోనే తవుడు చేదెక్కి ముక్క వాసన వస్తుంది. ఉప్పుడు బియ్యం తవుడు ఈ విషయంలో కొంత నయం. వడ్లను ముందే ఉడికించడంతో ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది, నూనె శాతం కూడా ఎక్కువ. మిల్లుకు వెళ్లినప్పుడు "ఇది పచ్చి తవుడా, ఉప్పుడు తవుడా, ఎప్పుడు ఆడించారు" అని అడగండి. ఈ మాట అడిగే కొనుగోలుదారులు మాకు తక్కువగా కనిపించారు. ముక్కిన తవుడు పెడితే అది మేతలోని ఏ, ఈ విటమిన్లను కూడా పాడుచేస్తుంది. విటమిన్ ఈ కరువైన పిల్లలు తల వెనక్కి వంచి, కాళ్లు తన్నుకుంటూ పడిపోతాయి. చూసినవారు కొక్కెర రోగం వచ్చిందని టీకాల కోసం పరుగెత్తుతారు. తాజా తవుడైతే 5 నుంచి 10 శాతం దాకా, అదీ మూడో వారం నుంచే పెట్టాలి.

ఇక నూనె తీసిన తవుడు. బస్తా చూస్తే బలంగా, ధర చూస్తే ఆశగా ఉంటుంది. ప్రొటీన్ 15 శాతం దాకా ఉందంటారు, నిజమే. మొక్కజొన్నలో 9 శాతమే కదా, అంటే ఇదే మేలా? లెక్క వేద్దాం.

100 కిలోల మేతలో 20 కిలోల మొక్కజొన్న తీసి, 20 కిలోల నూనె తీసిన తవుడు వేశామనుకోండి. ప్రొటీన్ 1.8 కిలోల నుంచి 3 కిలోలకు పెరిగింది. సంతోషం. శక్తి? మొక్కజొన్న కిలోకు 3,300 ఇస్తుంది, ఈ తవుడు సుమారు 1,800 ఇస్తుంది. 66,000 ఉండాల్సిన చోట 36,000 వచ్చింది. 30,000 కిలోకేలరీలు పోయాయి. అంటే ప్రతి కిలో మేతలో 300 తగ్గింది. 3,100 ఉండాల్సింది 2,800 అయింది. ఆ లోటు పూడ్చాలంటే మూడున్నర కిలోల దాకా నూనె పోయాలి. మొక్కజొన్న కిలో 24 రూపాయలు, తవుడు 14 రూపాయలు, నూనె 120 రూపాయలు అనుకుందాం. తవుడు వేసి మిగిల్చింది 200 రూపాయలు. నూనెకు పెట్టింది 400 పైమాటే. పెరిగిన ప్రొటీన్ వల్ల రెండున్నర కిలోల సోయా తగ్గించుకున్నా నష్టం పూర్తిగా తీరదు. ధరలు మీ ఊరివి వేసి చూసుకోండి, లెక్క పద్ధతి మాత్రం ఇదే.

నూనె పోయకుండా వదిలేస్తే ఏమవుతుంది? కోడి ఎక్కువ తిని తక్కువ ఎదుగుతుంది. 500 కోళ్లు రెండేసి కిలోలు, అంటే వెయ్యి కిలోల బరువు. మంచి మేతతో కిలో బరువుకు 1.7 కిలోల మేత పట్టింది, మొత్తం 1,700 కిలోలు. కిలో 40 రూపాయల చొప్పున 68,000. చవక మేత కిలో 36 రూపాయలే, కానీ కిలో బరువుకు 2 కిలోలు పట్టింది. 2,000 కిలోలకు 72,000. బస్తా మీద మిగిలిన డబ్బు షెడ్డులో పోయింది. పైగా నాలుగైదు రోజులు ఎక్కువ పెంచాలి, అప్పు వాయిదా మాత్రం అదే తేదీకి వస్తుంది. బ్రాయిలర్‌కు నూనె తీసిన తవుడు 5 శాతం దాటకపోవడమే మంచిది. ఇది పశువులకు, బాతులకు, గుడ్డు పెట్టే కోళ్లకు పనికొచ్చే సరుకు.

తవుడులో ఊకపొడి కలపడం పాత మోసం. గుప్పెడు నీళ్లలో వేసి కలిపితే ఊక పైకి తేలుతుంది. అరచేతిలో రుద్దితే గరుకుగా గుచ్చుకుంటుంది. ల్యాబులో ఒక రసాయనం వేస్తే ఊక ముక్కలు ఎర్రబడతాయి. దీనికంటే తెలివైన మోసం యూరియా. ల్యాబులో ప్రొటీన్‌ను నేరుగా కొలవరు. నైట్రోజన్‌ను కొలిచి 6.25తో గుణిస్తారు. యూరియా బస్తా మీద 46 శాతం నైట్రోజన్ అని రాసి ఉండటం మన రైతులందరికీ తెలుసు. దాన్ని గుణిస్తే 287 శాతం ప్రొటీన్! క్వింటాలు చెక్కలో కిలో యూరియా చల్లితే కాగితం మీద దాదాపు 3 శాతం పెరుగుతుంది. ఆవు కడుపులోని సూక్ష్మజీవులు కొంత యూరియాను వాడుకుంటాయి, కోడి వాడుకోలేదు. 2007లో అమెరికాలో పెంపుడు కుక్కలు, పిల్లులు చనిపోయింది ఈ లెక్క మోసంతోనే. చైనా నుంచి వచ్చిన గోధుమ ప్రొటీన్‌లో మెలమైన్ కలిపారు. మరుసటి ఏడాది అదే మెలమైన్ చైనాలో పసిపిల్లల పాలపొడిలో తేలింది. కాబట్టి "ప్రొటీన్ ఎంత" అని మాత్రమే అడిగితే చాలదు. సరుకు చూడాలి, వాసన చూడాలి, అమ్మేవాడిని ఎరిగి ఉండాలి.

చెక్కలు

వేరుశనగ చెక్కలో ప్రొటీన్ 40 శాతం పైగా ఉంటుంది, సోయాకు దగ్గర. దాని శత్రువు బూజు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఉన్నట్టుండి చనిపోయాయి. కారణం తెలియక దానికి టర్కీ ఎక్స్ వ్యాధి అని పేరు పెట్టారు. వెతికితే బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కలో బూజు విషం దొరికింది. ఆఫ్లటాక్సిన్ అనే మాట ప్రపంచానికి తెలిసింది అప్పుడే. కోడి మేతలో ఇది వంద కోట్ల పాళ్లలో 20 పాళ్లు మించకూడదని మన ప్రమాణం. అంటే యాభై టన్నుల మేతలో ఒక గ్రాము! కంటికి కనిపించదు. ఎండబెడితే పోదు, వేయిస్తే పోదు, ఉడికించినా పోదు. బూజు దులిపేసి "ఇప్పుడు బాగుంది" అని పెట్టేవారికి ఈ మాట గట్టిగా చెప్పాలి: బూజు పోయినా విషం అందులోనే ఉంటుంది. కోడిని కోస్తే కాలేయం పసుపుగా, ఉబ్బి కనిపిస్తుంది. బతికున్నవి ఎదగవు, వేసిన టీకా పట్టదు. వానలో తడిసిన మొక్కజొన్నకూ ఇదే వర్తిస్తుంది. మన దగ్గర జులై నుంచి అక్టోబరు దాకా గోదాములో గాలే తడిగా ఉంటుంది. గింజ పంటి కింద టక్కుమని విరగాలి. నలిగితే కొనకండి. బస్తాలు నేల మీద కాక చెక్కల మీద, గోడకు జానెడు ఎడంగా పేర్చండి.

పత్తి గింజల చెక్క పశువులకు పెట్టేదే, కానీ అందులో గాసిపాల్ అనే విషం ఉంది. దాన్ని కట్టడి చేయడానికి ఇనుము లవణం కలుపుతారు. కొలత తప్పితే ప్రమాదం. చిన్న పెంపకందారులు దీని జోలికి పోకపోవడం మంచిదని మా అభిప్రాయం. పొద్దుతిరుగుడు చెక్కలో విషమేమీ లేదు, పీచు ఎక్కువ; 5 శాతం పెట్టొచ్చు. పామాయిల్ గింజ పప్పు నుంచి నూనె తీశాక మిగిలే చెక్క మలేసియాలో పెద్ద ఎత్తున మేతగా వాడతారు. గరగరలాడుతుంది, ప్రొటీన్ 15 శాతం పైన, పీచు కూడా దాదాపు అంతే. చివరి దశలో 5 నుంచి 10 శాతం దాకా చాలు. గెలల కర్మాగారం దగ్గర మిగిలే తడి మడ్డి వేరు, ఈ చెక్క వేరు. మడ్డిని ట్రాక్టరులో తెచ్చి షెడ్డు పక్కన పోస్తే రెండో రోజుకే పులుస్తుంది.

ఇథనాల్ కర్మాగారాల నుంచి వచ్చే ఎండు గింజమడ్డి ఇప్పుడు కొత్తగా మార్కెట్లోకి వస్తోంది. బియ్యంతో చేసినదానిలో ప్రొటీన్ 40 శాతం దాటుతుంది, మొక్కజొన్నదానిలో 27 శాతం దాకా. పిండిపదార్థమంతా సారాయిగా పోవడంతో మిగిలింది మూడింతలు చిక్కబడుతుంది. ప్రొటీన్ చిక్కబడినట్టే గింజలో ఉన్న బూజు విషమూ చిక్కబడుతుంది. పరీక్ష చీటీ చూపించే వ్యాపారి దగ్గరే కొనాలి.

అడవి సరుకులు, హోటల్ సరుకులు

భద్రాచలం దాటి వెళ్లే మన సోదరులకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. ఇప్పచెక్క ఊరికే వస్తోందని కోళ్లకు పెట్టవద్దు. అందులోని సాపోనిన్లు ఎంతటివంటే, రొయ్యలు, చేపల చెరువులను శుభ్రం చేసేటప్పుడు పాత చేపలను చంపడానికి అదే చెక్క వాడతారు. కానుగ చెక్క, వేపచెక్క, ఆముదపు చెక్క పొలానికి మంచి ఎరువులు, మేత కాదు. ఆముదపు చెక్కలో ఉన్నది ప్రాణాంతక విషం. చింతగింజ పైపొర వగరు కోడి ఎదుగుదలను ఆపుతుంది. వేయించి పొట్టు తీస్తే పశువుల దాకా బాగుంటుంది.

బేకరీలో విరిగిన బిస్కెట్లు, ఎండిన రొట్టెలు మాత్రం మొక్కజొన్న కంటే ఎక్కువ శక్తినిస్తాయి. ఇరానీ హోటళ్ల దగ్గర గోనెలకొద్దీ దొరుకుతాయి. ప్లాస్టిక్ కాగితం ఏరేయాలి, బూజు చూడాలి, ఉప్పును మరవకూడదు. ఉస్మానియా బిస్కెట్టు రుచి ఆ ఉప్పులోనే ఉంది కదా! ఉప్పు ఎక్కువైతే కోడి నీళ్లు తాగుతూనే ఉంటుంది, కింద పొట్టు బురదవుతుంది. బిస్కెట్లు కలిపినప్పుడు మేతలో విడిగా వేసే ఉప్పు తగ్గించాలి. దావత్‌లో మిగిలిన బిర్యానీ సంగతి అడిగారు ఒకరు. నూనె, మసాలా, ఎముక, తడి. వద్దు.

బక్రీద్ తర్వాత రక్తం, పేగులు ఎండబెట్టి కోళ్లకు పెట్టొచ్చా అన్న ప్రశ్న ప్రతి ఏటా వస్తుంది. చికెన్ షాపు వ్యర్థాల గురించీ అడుగుతారు. పెద్ద కర్మాగారాల్లో ఆవిరి ఒత్తిడితో గంటల తరబడి ఉడికించి పొడి చేస్తారు. ఇంటి దగ్గర ఎండలో ఆరబెడితే సాల్మొనెల్లా చావదు, కోడి రోగం కోడికే తిరిగి వస్తుంది. దీనికి ధర్మపరమైన వైపు కూడా ఉంది. అశుద్ధమే ముఖ్య ఆహారంగా తిరిగే జంతువును జల్లాలా అంటారు. దాన్ని కొన్నాళ్లు కట్టేసి శుభ్రమైన మేత పెట్టాకే తినాలని, కోడికైతే మూడు రోజులని ప్రసిద్ధి. కర్మాగారంలో రూపం మారిన పొడి విషయంలో ఉలమాల అభిప్రాయాలు వేర్వేరుగా ఉన్నాయి. ఆ ప్రశ్న మీ మసీదు ఇమామ్ గారిని అడగండి. ఇంటి దగ్గర ఎండబెట్టిన పేగుల విషయంలో మాత్రం పశువైద్యం చెప్పేదే చాలు.

ఇంట్లోనే ఉండి పది ఇరవై కోళ్లు పెంచుకోవాలనుకునే ఆడవాళ్లకు మేము బ్రాయిలర్ సలహా ఇవ్వడం లేదు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ రకాలు వారికి సరిపోతాయి. వనరాజా మాంసానికీ గుడ్లకూ, గ్రామప్రియ ముఖ్యంగా గుడ్లకు. మొదటి ఐదారు వారాలు మంచి మేత, టీకాలు, వెచ్చదనం ఇచ్చి తర్వాత పెరట్లోకి వదిలితే, బ్రాయిలర్‌కు పనికిరాని తవుడు కూడా వాటికి బాగానే ఒంటబడుతుంది. నూకలు, తవుడు, వంటింటి కూర తరుగు, పెరటి పురుగు కలిసి వాటి కడుపు నింపుతాయి.

బ్రాయిలరే పెంచుతామనేవారు కొత్త సరుకు దేన్నైనా షెడ్డు మొత్తానికి ఒకేసారి పెట్టకండి. మూడో వారంలో వలతో ఒక మూల కట్టి 20 పిల్లలను విడిగా ఉంచండి. వాటికి మాత్రమే కొత్త మేత పెట్టండి. ఎంత తిన్నాయో రోజూ తూచి పలక మీద రాయండి. వారం తర్వాత ఆ ఇరవైని, పక్కన పాత మేత తిన్న మరో ఇరవైని తూకం వేయండి. కిలో బరువు పెరగడానికి ఎన్ని రూపాయల మేత పట్టిందో రెండువైపులా లెక్క కట్టండి. పలక తెచ్చి మాకు చూపిస్తే, తర్వాతి బ్యాచ్‌కు ఏది ఎంత కలపాలో కూర్చుని చూద్దాం.